స్కాలర్‌షిప్ వద్దన్న మా లెక్కల మేడమ్

మా లెక్కల మేడమ్ శనివారం పొద్దున ఆదోనిలో చనిపోయారు. నేను హొళగుంద ఆరోగ్య కేంద్రంలో నర్సును. పిల్లలకు టీకాలు వేస్తుండగా, నాతో పదో తరగతి చదివిన స్నేహితురాలు ఫోన్ చేసింది. "మేడమ్ పోయినారే" అని ఏడ్చేసింది. గుండెపోటట. ముందురోజు కూడా బడికి పోయి పాఠం చెప్పి వచ్చారట. నా ముందున్న పాపకు టీకా వేసి, జ్వరం వస్తే ఏం చేయాలో ఆ తల్లికి చెప్పి, పక్క గదిలోకి పోయి కూర్చున్నాను.

మీలో చాలామందికి ఆమె తెలియదు. ఆదోనిలో ఉంటూ రోజూ బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చి మా హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. మా తరగతిలో సగం మందిమి మగ్గం ఇళ్ల పిల్లలం, మిగతావాళ్లు కూలికి పోయే ఇళ్ల పిల్లలు. శనివారం చివరి పీరియడ్‌లో మేడమ్ పుస్తకం మూయించేవారు. ఆ గంటంతా ఇంటి లెక్కలే. నగలు కుదువ పెడితే నిజంగా ఎంత వడ్డీ పడుతుంది, బ్యాంకులో ఖాతా ఎట్లా తెరవాలి, ఏ స్కాలర్‌షిప్‌కు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి, దానికి ఏ సర్టిఫికెట్లు కావాలి. "మనకు ఆదివారం సెలవు. వడ్డీకి లేదు" అనేవారు. ఇంకో మాట కూడా పదేపదే చెప్పేవారు. "యాడన్నా సంతకం పెట్టమంటే ముందు ఒక గ్లాసు నీళ్లు అడిగి తాగండి. ఆ నీళ్లు తాగేంతసేపు కూడా ఆగలేనోడు మీకు మంచి చేయడు." మేము నవ్వేవాళ్లం. ఆమె నవ్వేవారు కాదు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా ఊరికి ఒక డిపాజిట్ల కంపెనీ వచ్చింది. నూరు రూపాయలు కడితే నెలకు పది రూపాయలు ఇస్తామన్నారు. ముందు కట్టినవాళ్లకు రెండు మూడు నెలలు చెప్పినట్టే ఇచ్చారు కూడా. మా చిన్నమామ, అంటే అమ్మ తమ్ముడు, దానికి ఏజెంటుగా చేరాడు. కొత్త మగ్గం వేయాలని మా నాయన ఏళ్లుగా కూడబెట్టిన డబ్బు ఇంట్లో అందరికీ తెలిసిందే. మామ రోజూ వచ్చి కూర్చునేవాడు.

"బావా, ఈ నెలలోనే కట్టాల. తర్వాత ఈ రేటు ఉండదు" అనేవాడు.

నాయన మగ్గం ఆపేవాడు కాదు. అమ్మే అందుకునేది. "ఊర్లో అందరూ కడతాండారు. మనమే ఎనకబడిపోతాండాం."

అంతలో ఆ కంపెనీ పెద్దాయన మా బడికి వస్తున్నాడని తెలిసింది. బాగా చదివే ఐదుగురు ఆడపిల్లలకు ఇంటర్ నుంచి పై చదువుల దాకా ఖర్చంతా ఇస్తాడట. ఆ ఐదుగురిలో నా పేరు ఉంది. ఇంట్లో నాకు ఇంటర్ చదివించే స్థోమత లేదు. పరీక్షలు కాగానే అమ్మతో పాటు మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చోవాల్సిందే. ఆ సాయంత్రం అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చింది. "ఇంకేం నమ్మకం కావాల బావా?" అన్నాడు మామ. నాయన మొదటిసారి నోరు తెరిచి, "మేడమ్ ఏమంటాదో విని కడదాం" అన్నాడు.

కంపెనీ వాళ్లు కూడా ఆ మాట కోసమే చూస్తున్నారని నాకు మరుసటి రోజు తెలిసింది. నోట్‌బుక్కులు పెట్టడానికి స్టాఫ్‌రూమ్‌కు పోతే, హెడ్మాస్టర్ గారు మేడమ్‌తో మాట్లాడుతున్నారు. "తల్లిదండ్రులను మీటింగ్‌కు పిలుస్తాండారు. కంపెనీ గురించి మీరు రెండు మంచి మాటలు చెప్తే చాలు మేడమ్. వాళ్లకు మీమీద గురి."

"పిల్లలకు ఇచ్చేది ఇయ్యమనండి సార్. దానికి పెద్దోళ్ల మీటింగ్ ఎందుకు?"

"అది లేకుంటే ఇది లేదంటాండారు. మన పిల్లల బతుకులు మేడమ్, ఆలోచించండి."

మేడమ్ నా వైపు చూశారు. నోట్‌బుక్కులు బల్ల మీద పెట్టి పొమ్మన్నారు. ఆ వారమంతా తరగతిలో పాఠం తప్ప వేరే మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, తినకుండానే మూసేయడం చూశాను.

మీటింగ్ రోజు బడి ఆవరణలో షామియానా వేశారు. వరండా నిండా, ఎండలో కూడా జనం. అమ్మానాయనా ముందు వరుసలో కూర్చున్నారు. మమ్మల్ని ఐదుగురినీ వేదిక పక్కన నిలబెట్టారు. షామియానా వెనక బల్ల వేసుకుని మామ, ఇంకొందరు ఏజెంట్లు రసీదులతో సిద్ధంగా ఉన్నారు. పెద్దాయన మాట్లాడాడు. చదువుకునే ఆడపిల్లను చూస్తే తన తల్లి గుర్తొస్తుందన్నాడు. చప్పట్లు కొట్టారు. తర్వాత హెడ్మాస్టర్ గారు మేడమ్‌ను పిలిచారు.

ఆమె లేచి, బల్ల మీదున్న గ్లాసు తీసుకుని నీళ్లు తాగారు. నా పక్కనున్న అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సార్, నాదొక చిన్న అనుమానం" అన్నారు మేడమ్, పెద్దాయన వైపు తిరిగి. "నెలకు నూటికి పది ఇస్తామంటాండారు. బ్యాంకు ఏడాదంతా కలిపినా అంత ఇయ్యదు. మీరు ఈ డబ్బుతో ఏం యాపారం చేస్తారు?"

ఆయన నవ్వాడు. "స్థలాలు, షేర్లు... చాలా ఉంటాయి మేడమ్. చెప్పినా మీకు అర్థం కాదు."

"అర్థం కాని దాంట్లో డబ్బు పెట్టొద్దని ఈ పిల్లలకు నేనే చెప్పినా సార్. ఈ పొద్దు వాళ్ల ముందర ఆ మాట మార్చలేను."

పెద్దాయన ముఖంలో నవ్వు అట్లాగే ఉంది కానీ గొంతు మారింది. "అయితే మీ పిల్లలకు మా స్కాలర్‌షిప్ అవసరం లేదంటారు."

మేడమ్ మా వైపు తిరిగారు. ఒక్కొక్కరి ముఖమూ చూశారు. నా దగ్గర ఆమె చూపు కాసేపు ఆగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"ఈ షరతు మీదయితే వద్దు సార్" అన్నారు.

ఆ తర్వాత జరిగిందంతా గోలే. పెద్దాయన కారెక్కి పోయాడు. కొందరు లేచి ఇంటికి పోయారు, కొందరు ఆ గోలలోనే రసీదులు తీసుకున్నారు. అమ్మ మేడమ్‌కు ఎదురుపోయి, "మీ జీతం మీకొస్తాది. నా బిడ్డ నోటికాడి కూడు తీసినారు కదమ్మా" అంది. అమ్మ మాట పూర్తయ్యేదాకా మేడమ్ అక్కడే నిలబడ్డారు.

మరునాటి నుంచి ఆమెకు బెదిరింపులు మొదలయ్యాయి. ఆమె ఎవరి దగ్గరో డబ్బు తీసుకుని అలా మాట్లాడిందని పై అధికారులకు ఫిర్యాదు పోయింది. సాయంత్రం ఆమె బస్టాండుకు నడిచి పోతుంటే ఇద్దరు కుర్రాళ్లు మోటారుసైకిల్ మీద మెల్లగా వెంటపడేవారు. ఏమీ అనరు, ఊరికే పక్కనే వస్తారు. ఒకరోజు నాయన బడి వదిలే వేళకు మగ్గం ఆపేసి, చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. మేడమ్‌కు పది అడుగులు వెనకగా నడిచాడు. ఆదోని బస్సు కదిలేదాకా నిలబడి ఇంటికొచ్చాడు. ఆ పని రోజూ చేశాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం నేను చూడలేదు. మోటారుసైకిల్ రావడం ఆగిపోయాక కూడా చాన్నాళ్లు పోయాడు. మగ్గం డబ్బు మాత్రం కంపెనీకి కట్టలేదు. మామ మా గడప తొక్కడం మానేశాడు.

ఎండాకాలం రాకముందే కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. మామ ఇల్లు అమ్ముకున్నాడు. మేడమ్‌ను అందరూ మెచ్చుకున్నారని మీరు అనుకోవచ్చు. అట్లా జరగలేదు. "ఆయమ్మ నోరు మూసుకోనుంటే ఇంకొన్నాళ్లు నడిచేది, మా డబ్బు మాకొచ్చేది" అన్నవాళ్లే ఎక్కువ. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది. "పోగొట్టుకున్నోళ్లు ఎవర్నో ఒకర్ని అనాల. అననీ" అన్నారు.

ఆమెకు దిగులంతా మా ఐదుగురి గురించే. ఆ ఎండల్లో మమ్మల్ని వెంటబెట్టుకుని ఆదాయ సర్టిఫికెట్లకు, కుల సర్టిఫికెట్లకు తహసీల్దార్ ఆఫీసుకు తిరిగారు. హాస్టల్ సీట్లు కనుక్కున్నారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు మా చేతే నింపించారు, తప్పు రాస్తే మళ్లీ రాయించారు. పుస్తకాలకూ బస్సు చార్జీలకూ తన పాత విద్యార్థులను తలా కొంచెం అడిగారు. నేను ఇంటర్ చదివి నర్సింగ్‌లో చేరాను. మాలో ఒకమ్మాయికి మాత్రం ఎవరమూ ఏమీ చేయలేకపోయాం. ఆ అమ్మాయి తండ్రి ఉన్నదంతా కంపెనీలో పోగొట్టుకుని, ఇంటిల్లిపాదినీ తీసుకుని బెంగళూరుకు పనికి పోయాడు. తర్వాత ఎవరైనా మేడమ్‌తో "ఐదుగురినీ గట్టెక్కించినారు" అంటే, ఆమె వెంటనే "నలుగురిని" అనేవారు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు అమ్మ ఆదోని పోయి ఆమెను కలిసింది. క్షమాపణ లాంటిదేదో అడగాలని పోయి, అడగలేక, వంటింట్లో ఉల్లిపాయలు తరిగి ఇచ్చి వచ్చింది. మేడమ్ కూడా ఆ ఊసు ఎత్తలేదట. "ఆయమ్మకు అన్నీ తెలుసు" అంది అమ్మ ఇంటికొచ్చి.

ఆదివారం మధ్యాహ్నం ఆదోనిలో క్రైస్తవుల శ్మశానంలో మేడమ్‌ను సమాధి చేశారు. అదే రోజు పొద్దున ఆమె పాఠం చెప్పే ఎనిమిదో తరగతి పిల్లలకు ఆదోనిలోనే స్కాలర్‌షిప్ పరీక్ష. పిల్లలను పంపాలా వద్దా అని బడిలో తర్జనభర్జన పడ్డారట. పరీక్ష మానుకుని వస్తే మేడమ్ ఊరుకునేవారా అని ఎవరో అన్నారట. పాస్టరు గారి ప్రార్థన అయిపోయి, మేమంతా తలా పిడికెడు మట్టి వేసి పక్కకు జరిగాక ఆ పిల్లలు వచ్చారు. పరీక్ష సెంటరు నుంచి నేరుగా, యూనిఫారాల్లోనే, ఆటోలు దిగి పరుగెత్తుకుంటూ వచ్చారు. సమాధి దగ్గరికి వచ్చేసరికి పరుగు ఆపి వరుసలో నిలబడ్డారు. అందరికంటే ముందున్న అమ్మాయి హాల్ టికెట్టును ఎడమ చేతిలోకి మార్చుకుని, వంగి, కుడి చేత్తో మట్టి తీసుకుంది.