రెండు భోజనాలు

బస్సు కుదుపుకు నా ఒళ్లో వచ్చిపడ్డవాడు, తీరా చూస్తే, నాతోపాటు ఊళ్లన్నీ తిరిగి అలసిన నా గడియారాన్ని మూడుసార్లు బతికించిన మరమ్మతు మనిషి. సర్దుకుని కూర్చోగానే కుడిచేతి వేళ్లు వాసన చూసుకున్నాడు. సబ్బుతో ఎంత తోమినా కూర వాసన మిగిలిందేమోనన్న అనుమానం పోదతనికి. ప్రతి శనివారం మధ్యాహ్నం స్నేహితులతో హోటల్లో కడుపు పగిలేలా తింటాడు. ఆ తర్వాత ఇంటికెళ్లి, ఆకలి నటిస్తూ భార్యతో మళ్లీ తింటాడు. అతను వచ్చేదాకా ఆవిడ ముద్ద ముట్టదు మరి. తిండిపోతుల్ని చాలామందిని చూశాను గానీ, భయంతో తినేవాణ్ణి ఇతన్నే చూశాను.

"దొరికిపోయాను బాబాయ్," అన్నాడు బెల్టు వదులు చేసుకుంటూ. "పోయినవారం పెళ్లిరోజని తనని కొత్త హోటలుకి తీసుకెళ్లాను. మా పాత సర్వరు అక్కడ చేరి చచ్చాడు! 'ఏం సార్, మీ శనివారం బ్యాచ్ రాలేదా?' అన్నాడు."

"మీ ఆవిడేమంది?"

"మెనూ కార్డు నా ముందుకి జరిపి, 'ఏది బాగుంటుందో మీకే తెలుసుగా, చెప్పండి' అంది. అంతే. తిట్టినా బాగుండేది."

"ఇప్పుడూ నీకోసం ఆగుతోందా?"

"ఆగుతోంది."

ఇవాళ శనివారమని నాకప్పుడు గుర్తొచ్చింది. అతను నా ముఖం చూశాడు. స్టాపు రాగానే, వస్తానని కూడా అనకుండా దిగి, వేళ్లు వాసన చూసుకుంటూ ఇంటివైపు నడిచాడు.