ఫ్రీజర్ పెట్టె

సువార్తమ్మకు ఉయ్యూరు సెంటర్లో ఇడ్లీ బండి ఉంది. ఇల్లు దగ్గరి ఊళ్లోని దళితపేటలో. ఆమె సంగతి అడిగితే పేటవాళ్లు ఇడ్లీల గురించి చెప్పరు, ఫ్రీజర్ పెట్టె గురించి చెబుతారు.

రెండేళ్ల కిందట మే నెలలో ఆమె భర్త ఎలీషా పోయాడు. కూతురు కువైట్ నుంచి రావాలి. అందాకా శవాన్ని ఉంచడానికి ఊళ్లో ఫ్రీజర్ పెట్టె ఉంది. పెద్దవీధివాళ్లు చందాలేసుకుని కొని, పంచాయతీ గదిలో పెట్టారు. తాళం ఆ వీధి పెద్ద రామకోటేశ్వరరావు దగ్గరుండేది. సువార్తమ్మ వెళ్లి ఎండలో నిలబడి అడిగింది.

“కంప్రెసర్ పోయింది సువార్తా. ఐసు తెచ్చుకో. కాస్త ఊక పొయ్యి, ఆగుద్ది,” అన్నాడతను అరుగు దిగకుండానే.

ఐసు ఆగలేదు. మర్నాడు పాస్టరు తొందరపెట్టి సమాధి చేయించాడు. కూతురు వచ్చి మట్టిని చూసుకుంది. ఆ వారంలోనే పెద్దవీధిలో ఒకాయన పోతే పెట్టె అక్కడ ఆడుతోంది. సువార్తమ్మ గుమ్మం బయట నిలబడి ఆ చప్పుడు విని వచ్చింది.

మానవ హక్కుల కమిషన్‌కు అర్జీ పెట్టింది. విజయవాడలో క్యాంపు పెట్టి విచారణకు పిలిచారు.

“మావాళ్ల చందాలండీ,” అన్నాడు రామకోటేశ్వరరావు.

“గది ఎవరిది? కరెంటు ఎవరిది?” అని అడిగింది కమిషన్ సభ్యురాలు.

“పంచాయతీదేనండి.” తాళం సచివాలయంలో ఉండాలని, ముందు అడిగినవాళ్లకు ఎవరికైనా ఇవ్వాలని, కావలసినవాళ్లే మోసుకెళ్లాలని, ఇదంతా గది గోడ మీద రాయించాలని ఆమె చెప్పింది.

“సరేనా అమ్మా?”

“ఈయన్ని ఒక పూట ఎండలో నిలబెట్టండమ్మా.”

“అది మా పని కాదు. అందర్నీ ఒకేలా చూసేట్టు చెయ్యడం మా పని.”

బస్సులో సువార్తమ్మ తిట్టుకుంటూనే వచ్చింది. శిక్ష అడిగితే గోడ మీద రాత ఇచ్చారు.

మొన్న వేసవిలో రామకోటేశ్వరరావు తల్లి పద్మావతమ్మ పోయింది. అతని తమ్ముడు మర్నాడు గన్నవరంలో విమానం దిగుతాడు. పెట్టె పేటలో ఉందని సచివాలయంలో చెప్పారు. సువార్తమ్మ పక్కింటి ఇశ్రాయేలు తండ్రి పోతే తెచ్చి, వాళ్ల ఇల్లు ఇరుకని ఆమె వరండాలో పెట్టారు. మధ్యాహ్నమే ఆయన సమాధి అయిపోయింది.

రామకోటేశ్వరరావు ఒక్కడే వచ్చాడు.

“సువార్తమ్మగారూ, పెట్టె కావాలండి.”

“కంప్రెసర్ పోయిందండి. ఐసు తెచ్చుకోండి. కాస్త ఊక పొయ్యండి, ఆగుద్ది.”

నీడలోకి రమ్మనలేదు. అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది. సందులో జనం చేరారు.

“ఆరోజు పెట్టె బాగానే ఉంది,” అన్నాడు చివరికి.

“ఇనపళ్లేదండి.”

మళ్లీ చెప్పాడు, అందరికీ వినపడేలా.

ఆమె స్విచ్ వేసింది. పెట్టె ఆడింది. మళ్లీ ఆపి, వైరు చుట్టి దానిమీద పెట్టింది.

“తీసకెళ్లండి.”

“మీవాళ్లని నలుగుర్ని పంపితే...”

“గోడ మీద రాశారుగా. కావల్సినోళ్లే మొయ్యాలి.”

ట్రాక్టరు ఆ సందులోకి రాదు. అతను ఫోన్ చేస్తే పెద్దవీధి నుంచి నలుగురు వచ్చారు. పేటలో ఎన్నడూ అడుగుపెట్టనివాళ్లు. పేటవాళ్ల శవం అప్పుడే దిగిన పెట్టెను భుజాలకెత్తుకుని, ప్రతి గుమ్మం ముందునుంచీ నడిచారు.

“పాపం, తల్లి పోయినోడు గదొదినా,” అంది ఇశ్రాయేలు భార్య.

“పాపమే,” అంది సువార్తమ్మ. వాళ్లు సందు మలుపు తిరిగేదాకా కళ్లు తిప్పలేదు. “రేపు మళ్లీ మోసుకొచ్చి గదిలో పెట్టాలి గదా. ఇడ్లీ బండి తియ్యను. అదీ చూడాల.”