సత్తన్న చవితి చంద్రుడు

నిన్న పొద్దున వాచ్‌మన్ వచ్చి, "సారు, పై ఫ్లోర్ సత్తన్న చనిపోయిండు" అన్నాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాను. నిద్రలోనే గుండె ఆగిందట.

ఇంకా నమ్మకం కుదరడం లేదు.

సత్తన్న కరెంటు ఆఫీసులో క్లర్కుగా రిటైరయ్యాడు. నాచారంలో మా అపార్ట్‌మెంట్ కట్టినప్పటి నుంచీ నా ఫ్రెండ్. నేను ఎవరితోనూ పెద్దగా కలవను. ఆయనతో మాత్రం రోజూ చీకటిపడే వేళ టెర్రస్ మీద ఉండేవాణ్ని.

టెలిస్కోప్ లేదు. ఉత్త కళ్ళే.

లాలాపేట్ వైపు ఎరుపు తగ్గగానే "అగో సారు, శుక్రుడొచ్చిండు!" అనేవాడు, బస్సు దిగుతున్న బావమరిదిని చూపించినట్టు.

పోయిన వినాయక చవితి సాయంత్రం నెలవంక పక్కన శని, కాస్త కింద శుక్రుడు. ఆ రోజు చంద్రుణ్ని చూస్తే లేనిపోని నింద పడుతుందని అందరూ తలుపులు వేసుకున్నారు. ఈయన ఇంటింటికీ వెళ్ళి పిలిచాడు.

"కథ విన్నరు, అక్షింతలు నెత్తిన ఏసుకున్నరు. ఇంకేం ఫికర్? జర పైకొచ్చి సూడున్రి!"

నలుగురైదుగురం వెళ్ళాం. ఎంత బాగుందో.

తర్వాత రెండు రోజులకు, సెల్లార్‌లో పెట్టిన గణపతి చేతిలోని లడ్డు మాయమైంది.

భజన దగ్గర అసోసియేషన్ సెక్రటరీ అందరి ముందూ అన్నాడు: "చంద్రున్ని సూసినోని మీదికే గదా నింద రావాలె? ఏం సత్తన్నా, షుగరున్నా ఆగలేదా?"

అందరూ నవ్వారు. సత్తన్న కూడా నవ్వాడు.

సెక్రటరీ మాత్రం నవ్వలేదు. "దేవుని కాళ్ళు పట్టి చెప్పు" అన్నాడు.

సత్తన్న వంగి, పట్టుకుని చెప్పాడు.

నిమజ్జనం నాడు తెలిసింది, తీసింది సెక్రటరీ తమ్ముడేనని. గణపతి లడ్డు ఎత్తుకుపోతే ఇంటికి కలిసొస్తుందని ఇక్కడో నమ్మకం. "మంచిదే గదా!" అని నవ్వేసి ఊరుకున్నారు.

సత్తన్న టెర్రస్‌కు రావడం మానేశాడు.

నేను వెళ్ళి పిలిస్తే ఒకటే మాట: "గంతమంది ముందల అడిగిన్రు సారు. గంతమంది ముందల 'నువ్వు గాదు' అని చెప్తే సాలు, వస్త."

ఆ మాట చెప్పమని సెక్రటరీని నేనే అడిగాను. "ఇడిసిపెట్టు సార్, చిన్న ముచ్చట" అన్నాడు.

ఏటా చదివే చవితి కథలో, నింద వేసినవాడు చివరికి సిగ్గుపడి క్షమించమంటాడు. ఆ భాగం వచ్చేసరికి మావాళ్ళ చూపులన్నీ ఉండ్రాళ్ళ మీదే.

ఈ చలికాలమంతా గురుడు నడినెత్తిన వెలిగాడు. సత్తన్న కిటికీలోంచి కనిపించేది ఎదుటి బిల్డింగ్ గోడ.

ఇవాళ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. 'మహా మనీషి' అట. అందులో సెక్రటరీ ఫోటో సత్తన్న ఫోటో కన్నా పెద్దది.

బిల్డింగ్ వాళ్ళంతా నా ఫ్రెండ్స్ లిస్టులో ఉన్నారు. కనుక అందరి ముందూ రాస్తున్నాను.

లడ్డు సత్తన్న తీయలేదు.

సత్తన్నా, బతికుండగా వినాల్సిన మాట ఇది. వెళ్ళిరా. ఎవరూ నిన్ను ఏమీ అడగని చోట నీ మనసు చల్లగా ఉండాలి.