పదికి ఎంతమ్మా?

చిక్కడపల్లి గుడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోను మోగింది. మా సిస్టరమ్మ తెల్లవారుజామున గుండెపోటుతో పోయారని ఆమె తమ్ముడు చెప్పాడు. చేతిలో ప్రసాదం అట్లాగే ఉండిపోయింది.

రెండేళ్ల క్రితం సుల్తాన్ బజార్‌లో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాను. నారాయణగూడలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఆ వార్డులో నర్సు ఆమె. వచ్చినప్పుడల్లా "నొప్పి పదికి ఎంతమ్మా?" అని అడిగేవారు. నేను "రెండు" అనేదాన్ని. ఒకరిని ఇబ్బంది పెట్టడం నాకు చేతకాదు. పైగా ఓర్చుకుంటే పుణ్యమని నమ్మకం.

"రెండా? మరి మంచాన్ని గట్ల పట్టుకున్నవేంది, పీక్కపోతవా?" అని నవ్వేవారు.

మూడో రోజు ఏకాదశి. ఉపవాసమున్నాను. నొప్పి మాత్రలేమో తిన్నాక వేసుకునేవి. ఎవరికీ చెప్పకుండా కుంకుమ భరిణెలో దాచాను. సాయంత్రం లేపి నిలబెడితే అడుగు ఆనగానే అరిచేశాను. ఇక నడవనని మొండికేశాను. ఇట్లాగే పడుకుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదముందని డాక్టరుగారు హెచ్చరించారు.

మర్నాడు పొద్దున నాకు బొట్టు పెట్టబోయి సిస్టరమ్మ భరిణె తెరిచారు. మాత్రలు చూశారు. కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"దేవునికి నొప్పి నైవేద్యం పెడ్తున్నవా అమ్మా? ఆయనేం జేస్కుంటడు దాన్ని? నువ్వు నడిచొస్తే చాలాయనకు."

"నిన్న ఉపవాసం సిస్టరమ్మా..."

"నాకు జర చెప్తే డాక్టర్‌ను అడుగుతుంటి గద. నొప్పి ముదిరినంక మందు లేటుగ పన్జేస్తది, మొదట్లనే చెప్పాలె. ఇప్పుడు నిజం చెప్పు, ఎంత?"

"ఎనిమిది" అన్నాను. ఏడుపొచ్చింది.

"గిదీ మాట!"

డాక్టరుగారిని అడిగి, నాకు ఇడ్లీ తినిపించి మాత్ర వేశారు. కాలి కింద దిండు సర్ది, పాత నూలు చీర ముక్కలో చుట్టిన ఐసు పెట్టారు. వేళ్లు నొక్కి రంగు చూశారు, తిమ్మిరి ఉందా అని అడిగారు. మందు పనిచేసేదాకా ఆగి మళ్లీ అడిగారు. "నాలుగు" అన్నాను. అప్పుడు లేపారు. వాకర్ పట్టుకుని తలుపు దాకా నడిచాను.

నేను ఇంటికొచ్చాక కూడా, డ్యూటీ దిగి అశోక్‌నగర్‌లో తమ ఇంటికి వెళ్తూ మా గుమ్మంలో ఆగేవారు. టీ వద్దనేవారు, పులిహోర మాత్రం రెండోసారి అడిగి తినేవారు. మీలో ఎవరికైనా అటువంటి ఆపరేషన్ అయితే నర్సు దగ్గర నొప్పి దాచుకోకండి. ఆమె నాకు నేర్పింది అదే.

చివరిచూపుకి వెళ్లాను. వాళ్లది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. చేతిలో గుడి తులసిమాల. మొదటి మలుపులో కాలు లాగింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. పైన తలుపు తెరిచి ఉంది, అగరొత్తుల వాసన మెట్ల మీదికి దిగుతోంది.

"మూడు, సిస్టరమ్మా" అన్నాను పైకే.

ముందు నడుస్తున్న ఆమె తమ్ముడు ఆగి వెనక్కి చూశాడు. నేను మిగతా మెట్లు ఎక్కాను.