ఇంకా వెలుగుతోంది

రోజూ పొద్దున్నే షెడ్డు షట్టరు లేవగానే, ఏ కారు వచ్చినా ఆమె డ్రైవరు సీట్లో కూర్చునేది. బానెట్ లేపి ముందు నిలబడ్డవాడికి లోపలి లైట్లు కనబడవు. మెకానిక్కయిన ఆమె భర్త ముందునుంచి తీగలు కదిపేవాడు, ఆమె చూసి చెప్పేది: వెలిగింది, ఆరింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో మీరు మాట్లాడుకున్నవి ఆ రెండు ముక్కలేనని ఆడపడుచు ఏడిపించేది. మూడు నెలలుగా ఆమె ఏ కారూ ఎక్కలేదు. పొద్దున్నే షెడ్డు నేల కడుగుతోంది, మరక ఎప్పుడో పోయినా సరే.

ఆ నేలమీదే ఒక టాక్సీ ఉండిపోయింది.

అది మొదటిసారి వచ్చినప్పుడు, ఇంజను వేడెక్కితే వెలగాల్సిన ఎర్రలైటు ఊరికే వెలుగుతోంది. భర్త నీళ్ల పైపు పట్టుకు చూశాడు, చల్లగా ఉంది. వేడి కొలిచే సెన్సరు దగ్గర తీగ పీకాడు. లైటు ఆరాలి, ఆరలేదు. అంటే ఇంజను బాగానే ఉంది, తీగే ఎక్కడో ఒలిచిపోయి ఇనుముకు తగులుతోంది. ఆ చోటు వెతికి పట్టుకుని, గాజులా చేతికేసుకు తిరిగే నల్లటేపు చుట్టాడు. ఆరిందని ఆమే చెప్పింది.

అయిదో రోజు టాక్సీవాడు నిప్పులు తొక్కినట్టు వచ్చాడు. మళ్లీ లైటు వెలిగిందనీ, కారెక్కిన బేరం భయపడి దారిలోనే దిగిపోయిందనీ అరిచాడు. భర్త బానెట్ లేపి వంగాడు. ఆమె సీట్లో కూర్చుంది. కారు ఒక్కసారి ఊగింది. తీగ కదుపుతున్నాడనుకుంది.

"ఇంకా వెలుగుతోంది" అంది.

మళ్లీ ఊగింది. మళ్లీ అదే చెప్పింది. నాలుగుసార్లు చెప్పింది. అయిదోసారి బానెట్ పక్కగా చక్రాలు విప్పే రాడ్డు పైకి లేవడం కనబడింది. దానికి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. దిగి పరిగెత్తేసరికి భర్త తల రేడియేటరు మీద నలిగిపోయి ఉంది. టాక్సీవాడి మణికట్టు కొరికి పట్టుకుంది, పళ్లకు ఎముక తగిలినా వదల్లేదు. నలుగురూ వచ్చి విడదీసేసరికి ఆమె నోట్లో వాడి రక్తం, చీరమీద మొగుడి రక్తం.

వాడు జైల్లో ఉన్నాడు. ఇవాళ కారు తీసుకుపోవడానికి వాడి అన్న కొత్త బ్యాటరీ మోసుకొచ్చాడు. బిగించి తాళం తిప్పాడు. ఎర్రలైటు వెలిగింది.

"చూడమ్మా. మీ ఆయన ఆ పనేదో సరిగ్గా చేసుంటే ఇద్దరి కొంపలూ నిలిచేవి."

ఆమె గోడకున్న రాడ్డు తీసింది. మొదటి దెబ్బకు హెడ్‌లైటు పగిలింది. రెండో దెబ్బకు పక్క అద్దం ఎగిరిపోయింది. మూడోది అతని మోకాలి దాకా వచ్చి ఆగింది.

"సీట్లో కూర్చో. నేనడిగితే చెప్పు, అంతే."

అతను కూర్చున్నాడు. ఆమె బానెట్ లేపి సెన్సరు తీగ పీకింది.

"ఉందా, పోయిందా?"

"ఉంది."

తీగ వెంట వేలు పోనిచ్చింది. భర్త చుట్టిన టేపు చెక్కుచెదరలేదు. జానెడు అవతల కొత్త హారను. దాన్ని పట్టి ఉంచిన మరమేకు, తీగ ఒళ్లు చీల్చుకుని ఇనుములోకి దిగి ఉంది. ఆమె మర తిప్పి, తీగను విడిపించింది.

బానెట్ పక్కనుంచి లోపలికి తొంగి చూసింది.

"చెప్పు."

"ఆరింది."

"ఈ హారను ఎవరు పెట్టారు?"

అతను స్టీరింగు పట్టుకుని తల దించుకున్నాడు. "ఇక్కడ బాగయిన నాలుగో రోజున... నేనే బిగించానమ్మా. మా తమ్ముడు పక్కనే నిలబడ్డాడు."

ఆమె తీగను సెన్సరుకు తిరిగి తగిలించింది. మరను దాని చోట బిగించింది. ఒలిచిన రాగి దాని పక్కనే మెరుస్తోంది, కారు కుదుపుకు మళ్లీ తగులుతుంది. రెండు చుట్లు టేపు వేస్తే సరిపోతుంది. భర్త నల్లటేపు ఆమె చేతికే ఉంది, మూడు నెలలుగా తీయలేదు.

బానెట్ దబ్బున వేసి, బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.