ఏ రోజు పిండి ఆ రోజే

రాయచూరులో మా గల్లీ మొదట్లో పెద్ద సూపర్ మార్కెట్ తెరిచిన రోజు గల్లీ మొత్తం అక్కడే ఉంది. నేనూ వెళ్ళాను. లోపల చల్లగా ఉంది, అబద్ధమెందుకు. మా ఊరి ఎండలకు ఆ చల్లదనం కోసమైనా ఎవరైనా వెళ్తారు. సబ్బులకు ఇప్పటికీ వెళ్తాను.

మా ఇంటి ముందుగదే అమ్మ కిరాణా దుకాణం. పప్పులూ ఉప్పులూ అన్నీ ఉన్నా, దానికి పేరు తెచ్చింది జొన్నపిండి. పొద్దున్నే అమ్మ జొన్నలు గిర్నీలో ఆడించి తెచ్చేది. ఏ రోజు పిండి ఆ రోజే అమ్మాలి, మిగిలితే వెనక వీధి బర్రెలకు. నిలవ పిండికి జిగురు పోతుందనీ, రొట్టె తడితే విరుగుతుందనీ ఆమె పట్టుదల. సూపర్ మార్కెట్ వచ్చాక ఆ బర్రెలు బాగా బలిశాయి.

నాయినకు ఒళ్ళు మండేది. "ఎవరు కొంటున్నరని ఆడిస్తున్నవే? నాగపంచమి దాంక చూస్త. తర్వాత గది కిరాయికిస్త" అన్నాడు. మొబైల్ దుకాణం పెట్టుకుంటానని ఒకాయన అప్పటికే వచ్చి గది కొలతలు తీసుకుపోయాడు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఆ దుకాణం ఆమె తన చేతులతో నిలబెట్టుకున్నది. నాయిన మీద నాకెంత కోపం వచ్చిందో!

నాగపంచమికి ముందు మా వైపు రొట్టెల పండుగ. ప్రతి ఇంట్లోనూ జొన్నరొట్టెలు తట్టి, కూరలూ పచ్చళ్ళూ పెట్టి ఇరుగుపొరుగుకు పంపుతారు. ఎవరి రొట్టె ఎంత పల్చనో ఆడవాళ్ళు ఏడాదంతా చెప్పుకుంటారు. విరిగిన రొట్టె పంపడమంటే మన పరువును మనమే పళ్ళెంలో పెట్టి పంపినట్టు.

పండుగ రోజు పొద్దున అమ్మ రోజూ కంటే ఎక్కువే ఆడించింది. నాయిన తల పట్టుకున్నాడు. ఎవరూ రాలేదు. అందరి ఇళ్ళలోనూ ఆఫర్లో తెచ్చుకున్న పిండి ప్యాకెట్లున్నాయి.

పొద్దెక్కాక ఎదురింటి అత్త, చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది. "వదినా, పీట మీదికెళ్లి లేపితే చాలు, రొట్టెలు ముక్కలైతున్నయి. నీ పిండి ఉందా?" ఆమె వెనకే ఇంకొకామె, "హిట్టు కొడ్రి అక్కా" అని కన్నడంలో పిండి కోసం కేకలు. ఆ తర్వాత గడప ముందు గిన్నెలూ డబ్బాలూ, గిన్నె మరిచినామె కొంగే పట్టింది. అమ్మ ఎవర్నీ ఒక్కమాట దెప్పలేదు. నేను అంత మంచిదాన్ని కాదు.

"ఏంది అత్తా, ఏసీల పెట్టిన పిండి గద, గిట్ల ఎట్ల విరిగింది?"

"నోరు మూస్కొని తక్కెడ పట్టు" అంది అత్త నవ్వాపుకుంటూ.

పిండి అయిపోయింది. అప్పుడు జొన్నల మూట స్కూటర్ మీద వేసుకుని గిర్నీకి పరుగెత్తింది ఎవరనుకున్నారు? నాయినే! మీసాల నిండా పిండితో తిరిగొచ్చాడు.

మధ్యాహ్నం నుంచి మా ఇంటికి పళ్ళేలు రావడం మొదలైంది. నాయిన ఒక్కో ఇంటి రొట్టె తుంచి నోట్లో వేసుకుని చూశాడు.

"అన్నీ మన పిండివే గదనే" అన్నాడు చివరికి.

"మరి ఎవరిదనుకున్నవ్?" అంది అమ్మ. ఆ మాటకు నేను గట్టిగా చప్పట్లు కొట్టాను.

మర్నాడు మొబైల్ దుకాణమాయన అడ్వాన్సు తెచ్చానంటూ వచ్చి గడప మీద నిలబడ్డాడు. నాయిన తక్కెడ దగ్గర నుంచి తలెత్తకుండానే అన్నాడు:

"జర పక్కకు జరుగయ్యా, గిరాకీ వస్తున్నరు."