ఆనప పిందెలకి వేలు చూపించాను

మా చిన్నప్పుడు... దసరా వెళ్ళి వానలు కాస్త తెరిపివ్వగానే పెరట్లో పని మొదలయ్యేది. ముదిరిన బెండ మొక్కలు పీకెయ్యడం, బంతి నారు నాటడం, కొత్తిమీరకి మడి కట్టడం, తుఫాను గాలికి ఒరిగిన ఆనప పందిరికి సరుగుడు కర్రలు ఊతమిచ్చి కొబ్బరితాడుతో మళ్ళీ బిగించడం...

పొద్దున్నే ఆకుల మీద పొయ్యి బూడిద జల్లడం నా వంతు. మంచు తడి ఆరకముందే జల్లాలి, అప్పుడే అంటుకుంటుంది. పాదుకి ఎంత పడేదో తెలీదు గానీ నా నెత్తి నిండా మాత్రం బూడిదే!

పాలకొల్లు దగ్గర ఊరు మాది. ఆ పందిరి మా పిన్నిది... అంటే మా బాబాయి భార్య. అప్పటికే రెండుసార్లు ఆవిడకి కడుపు నిలవలేదు. మూడోసారి ఐదో నెల. బిందె ముట్టుకోనిచ్చేవారు కాదు, వీధి గుమ్మం దాటనిచ్చేవారు కాదు. పందిరి కింద పీట వేసుకుని కూర్చోవడానికి మాత్రం నాన్నమ్మ ఒప్పుకుంది.

"నీ చేత్తో పెట్టిన పాదు అమ్మా. ఇది నిండుగా కాస్తే నీ ఒడీ నిండుతుంది" అనేది నాన్నమ్మ. మంచికే అంది పాపం. కానీ ఆ మాటతో ఇంట్లో అందరి ప్రాణం ఆ తీగ మీదకి పోయింది.

ఇంకో మాట కూడా ఉండేది మా ఇంట్లో. పిందెల్ని వేలు చాపి చూపించకూడదు... కుళ్ళి రాలిపోతాయి. తప్పనిసరైతే వేలు మడిచి కణుపుతో చూపించాలి. గోదావరి వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు లెండి. పిన్ని రోజూ అలాగే, మడత వేలితో లెక్కపెట్టుకునేది. ఏడు పిందెలు... నూగుతో, వేలెడంత.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నోరు ఊరుకునే రకం కాదు నేను, ఇప్పటికీ కాదు. ఓ రోజు పక్కింటి పిల్ల దడి అవతల నుంచి "మా పాదుకి పది కాశాయి" అని కోతలు కోసింది. పది లేవు, పాడూ లేవు! నాకు ఒళ్ళు మండింది. "మావి చూడవే" అని వేలు చాపి, ఒకటి, రెండు, మూడు... ఏడూ చూపించేశాను.

"అయ్యో! వేలు చూపించావే!" అంది ఆ పిల్ల.

కొరుక్కుంటే దోషం పోతుందంటారని గబుక్కున వేలు కొరుక్కున్నాను. అయిపోయిందిగా... చూపించడం అయిపోయింది.

నాలుగో రోజుకి పిందెలు పసుపు తిరిగాయి. తొడిమ దగ్గర మెత్తబడి ఒక్కోటే రాలాయి. "ఏ పాపిష్టి వేలు పడిందో నా పాదు మీద!" అని నాన్నమ్మ పెరట్లో నిలబడి తిట్టింది. నేను నీళ్ళ గాబు వెనకాల నక్కి విన్నాను.

ఆ వారంలోనే పిన్నిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడు రోజులకి వచ్చింది... ఒట్టి కడుపుతో. ఏమైందని అడిగితే "చిన్నపిల్లవి, నీకెందుకు" అన్నారు. నాకు తెలీకపోతేగా! నా వేలు చేసిందని నాకు తెలుసు.

ఆ మర్నాడు పిన్ని ఎవరితోనూ మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళి పాదు వేళ్ళతో సహా పీకేసింది. తర్వాత ఆవిడకి మరి పిల్లలు కలగలేదు.

చాలా రోజులు నా చూపుడు వేలికి గుడ్డ చుట్టుకుని బడికి వెళ్ళాను. దెబ్బ తగిలిందని చెప్పేదాన్ని. పుస్తకంలో అక్షరాలు పెన్సిల్ పెట్టి చదివేదాన్ని... వేలు పెడితే వాటికి కూడా ఏమన్నా అవుతుందేమోనని భయం.

ఇప్పుడు రాజమండ్రిలో మా డాబా మీద ముప్పై కుండీలు. మిద్దెతోటల గ్రూపులో "పిందెలు రాలిపోతున్నాయండి" అని ఎవరన్నా పెడితే మొదటి జవాబు నాదే... "సాయంత్రం పూట మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకి అద్దండి, పండు ఈగకి ఎర బుట్ట కట్టండి" అని. అన్నీ తెలుసు నాకు. అయినా ఒక్క ఏడాది కూడా ఆనప గింజ నాటలేదు. ప్రతి కార్తీకంలోనూ, మంచు పడ్డ పొద్దుటి పూట, ఆ పిందెల పచ్చి కుళ్ళు వాసన ఎక్కడి నుంచో వస్తుంది.

మొన్న కార్తీక స్నానానికని పిన్ని మా ఇంటికొచ్చింది. బాబాయి పోయి ఆరేళ్ళయింది. పొద్దున్న డాబా మీద మెంతికూర మడిలో కలుపు తీస్తూ "ఇన్ని పెట్టావు, ఆనప పాదు లేదేంటే?" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ మాట అక్కడే, మట్టి చేతులతోనే చెప్పేశాను. "నేనే పిన్నీ... నేనే వేలు చూపించాను. ఏడింటికీ."

పిన్ని పీకిన కలుపంతా ఒక పక్కకి పోగేసింది.

"మీ నాన్నమ్మ ముందు వేలు మడిచేదాన్నే" అంది. "మీ బాబాయి పొలం నుంచి వచ్చాక రోజూ పందిరి కిందకి తీసుకెళ్ళి చూపించేదాన్ని... ఇదిగో ఇది చూడండి, అదిగో అది చూడండి అని. సంతోషంలో వేలు మడవాలని గుర్తుండేది కాదు. నా బిడ్డని నేనే చంపుకున్నానని... మీ బాబాయి పోయేదాకా ఆయనకి కూడా చెప్పలేదే."

ఇద్దరం ఒకే పెరట్లో తిరిగాం. ఒకే కంచంలో ముద్దలు తిన్నాం. ఒక్కళ్ళం నోరు విప్పినా రెండోవాళ్ళు బతికిపోయేవాళ్ళం.

ఇప్పుడు ఫోనులో ఫొటో పెడితే పిందె ఎందుకు రాలిందో క్షణంలో చెప్పేస్తున్నారు. ఆ రోజుల్లో పిల్లలకి ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు... కడుపు పోయిన ఆడదానికి కూడా చెప్పేవారు కాదు.

మీ ఇంట్లోనూ ఇలాంటిదేమన్నా ఉంటే ఇక్కడ రాయండి, చదువుతాను. కాకపోతే ముందు ఆ మనిషి దగ్గరికెళ్ళి చెప్పండి... మా పిన్నికి అరవై నాలుగు. ఆలస్యం చేసేశాను.